పురుషుల స్తంభనలోపము: దేహమున దోషమా, మనస్సున దోషమా?

(మహాసభ రెండవనాడు చదివిన ఆరోగ్యోపన్యాసము)



మన మహాసభలయందు విద్యార్థి వసతిగృహములను గూర్చియు, విద్యార్థివేతనములను గూర్చియు, వరకట్నమును గూర్చియు ఏటేట ఉపన్యాసములు జరుగుచున్నవి. తీర్మానములును జరుగుచున్నవి. వివాహ పరిచయవేదికపై వధూవరుల గోత్రములు, నక్షత్రములు, జీతములు చదివి వినిపించుచున్నాము. కాని ఆ వివాహములలో కొన్ని యేడాది తిరుగకమునుపే పెద్దమనుషుల యెదుటికి ఏల వచ్చుచున్నవో ఆ కారణమును మాత్రము ఏ వేదికపైనను ఎవ్వరును నోరు విప్పి చెప్పుట లేదు. ఆరోగ్యవిషయమై మాటాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరినపుడు, మధుమేహమును గూర్చియో గుండెజబ్బును గూర్చియో చెప్పుదుమని తలంచియుందురు. మేము చెప్పబోవునది ఆ రెండింటికిని దగ్గఱి చుట్టమే.

సభలో స్త్రీలున్నారు గదా యని ఎవరును సంకోచింపవలదు. ఈ వ్యాధి పురుషునిది. దీనివలన మాటలు పడునది స్త్రీ. పెండ్లియైన కొన్ని నెలలకే "విశేషమేమైన కలదా" యని ఇరుగుపొరుగువారు అడుగుదురు. లేదనగానే కోడలిని స్త్రీవైద్యుల యొద్దకు త్రిప్పుదురు. పిదప నాగప్రతిష్ఠ చేయింతురు. తనకును భర్తకును నడుమ ఏమియు జరుగనే లేదని ఆమె కన్నతల్లితో చెప్పుకొనుటకు కూడ సిగ్గుపడును. మేనరికపు సంబంధములలో ఈ మౌనము మఱింత బిగియును. అత్తయే మేనత్త, మామయే మేనమామ. ఎవరిపై ఎవరికి ఫిర్యాదు చేయవలెను?

మొదట పేరును సరిచేసికొందము. "నపుంసకుడు" అనునది తిట్టు. రోగము పేరు కాదు. వైద్యులు దీనిని స్తంభనలోపమందురు. సంభోగమునకు చాలినంత అంగస్తంభనము కలుగకపోవుట, లేక కలిగియు నిలువకపోవుట, అదియు ఒకటి రెండు రాత్రులు కాక నెలల తరబడి యుండుట, దీనికే ఆ పేరు. ప్రయాణపు బడలికచేతనో, త్రాగిన మైకముచేతనో ఒకనాడు విఫలమగుట రోగము కాదు. శీఘ్రస్ఖలనము వేఱు, కోరిక లేకుండుట వేఱు, సంతానము కలుగకుండుట వేఱు. వీనినన్నిటిని కలగాపులగము చేయుటచేతనే సగము చిక్కులు పుట్టుచున్నవి. స్తంభనము చక్కగా నున్న పురుషుని శుక్రమున బీజకణములే లేకుండవచ్చును. స్తంభనము లేనివానికి అవి సమృద్ధిగా నుండవచ్చును. కనుక "నాకేమి కొఱత? లోపము నీయందే" యని భార్యతో వాదించువాని వాదము వైద్యుని యెదుట నిలువదు.

దోషము దేహముననా, మనస్సుననా యను విచారణ పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున క్లైబ్యము ఆఱు విధములుగా చెప్పబడినది. అందు మొదటిది మానసము. అప్రియమైన భావములచేతను, ఇష్టములేని స్త్రీతోడి సంపర్కముచేతను అది కలుగునని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆహారదోషమువలన కలుగునది, మర్మస్థానమునకు దెబ్బ తగులుటవలన కలుగునది, పుట్టుకతో వచ్చునది మొదలగునవి తక్కినవానిలో కలవు. చరకసంహిత నాలుగు విధములు చెప్పినది, అందు వార్ధక్యమొకటి. ఆ గ్రంథములలోని చికిత్సలన్నియు నేడు పనికివచ్చునని మేము చెప్పుట లేదు. కారణము నిర్ణయింపక మందు వేయరాదను నియమము మాత్రము వారిదే.

గడచిన శతాబ్దమున పాశ్చాత్యవైద్యమే ఈ విషయమున ఊయలవలె అటునిటు ఊగినది. 1970 లో మాస్టర్సు, జాన్సను అను ఇరువురు అమెరికనులు తమ ప్రసిద్ధగ్రంథమును ప్రకటించునాటికి, ఈ రోగులలో మిక్కిలి హెచ్చుమందికి దోషము మనస్సుననే యని అచ్చటివారి యభిప్రాయము. 1983 లో బ్రిండ్లీ యను ఆంగ్లశాస్త్రజ్ఞుడు లాస్ వేగాస్ నగరమున జరిగిన వైద్యసభకు తన యంగమునకు తానే సూదిమందు ఎక్కించుకొని వచ్చి, మనోవికారమేమియు లేకయే స్తంభనము కలుగునని సభ్యులకు ప్రత్యక్షముగా చూపెను. (మన సభవారు కలవరపడవలదు; మేము మాటలతోనే ఊరకుందుము.) 1998 మార్చిలో సిల్డెనాఫిల్ అను మాత్రకు అమెరికా ప్రభుత్వము అనుమతి యిచ్చెను. నాటినుండి "అంతయు దేహమే, మాత్ర మ్రింగిన చాలు" నను మాట లోకమున ప్రబలినది. మొదటి మాటయు అతివాదమే, రెండవదియు అతివాదమే.

స్తంభనము కలుగు విధము తెలిసినగాని ఈ భేదము తెలియదు. పురుషాంగమున స్పంజువంటి కణజాలము గొట్టములవలె అమరియున్నది. మెదడునుండియు, వెన్నుపాము క్రిందిభాగమునుండియు నాడులద్వారా ఆజ్ఞ రాగా, అచ్చట నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు స్వల్పముగా పుట్టి రక్తనాళముల బిగువును సడలించును. రక్తనాళములలో ఈ వాయువు చేయు పనిని కనుగొన్న ముగ్గురు అమెరికను శాస్త్రజ్ఞులకు 1998 లో నోబెల్ బహుమానము లభించినది. తూము తలుపెత్తగా కాలువనీరు మడిలో నిండినట్లు రక్తము వచ్చి నిండును; నిండిన రక్తపు ఒత్తిడికి, బయటికి తీసికొనిపోవు సిరలు నొక్కుకొని మూసికొనును. భయము కలిగినపుడు దీనికి సరిగా విరుద్ధముగా జరుగును. పాము కనబడినవానికి గుండె దడదడ కొట్టుకొనును, చేతులు చల్లబడును. ఆ యొక్క రసాయనమే అంగమునకు పోవు నాళములను బిగించి తూము మూసివేయును. కావున "మనస్సున దోషము" అనగా అబద్ధమనియో, నటన యనియో, పిఱికితన మనియో అర్థము కాదు. పడకగదిలో పాము లేకున్నను, విఫలమగుదునేమో యను తలంపే పామువలె పనిచేయును.

ఇక భేదమును గుర్తించు మార్గములకు వత్తము. వానిలో మిక్కిలి విలువయైనది, కాసు ఖర్చు లేనిది, రోగి తనంతట తాను ఎఱుగదగినది తెల్లవారుజామున కలుగు స్తంభనము. ఆరోగ్యవంతుడగు పురుషునికి నిద్రలో, ముఖ్యముగా కలలు వచ్చు నిద్రాదశలో, రాత్రికి మూడు మొదలు ఐదు మాఱులవఱకు స్తంభనము కలుగును. చివరి కల ముగియునపుడు మెలకువ వచ్చినవానికి అది తెలియును. మూత్రపు నిండుదనముచేత కలుగునని పెద్దలు చెప్పుదురు గాని, కారణము ప్రధానముగా నిద్రయే. నిద్రలో సిగ్గు లేదు, భయము లేదు, భార్య యేమనుకొనునో యను చింత లేదు. అప్పుడు తూము చక్కగా తెఱచుకొనుచున్నదన్నచో నాళములును నాడులును చాలవఱకు సరిగానే యున్నవనుట. మేల్కొనియున్నప్పుడే మూతపడుచున్నదన్నచో మూయుచున్నది మనస్సు. అట్లుగాక నిద్రలోను, ఏకాంతమునను, ఎల్లప్పుడును ఒకే తీరుగా స్తంభనము సన్నగిల్లినచో దేహమునందు వెదకవలెను. 1980 లో కొందఱు అమెరికను వైద్యులు తపాలాబిళ్లల వరుసను రాత్రి అంగముచుట్టు అంటించి, తెల్లవారి చిల్లుల యొద్ద తెగినదో లేదో చూడు పద్ధతిని ప్రకటించిరి. అణాబిళ్లతో తేలు రోగనిర్ణయము! పిమ్మట దీనికి యంత్రములు వచ్చినవి. కాని నేడు వానిని కూడ చిక్కుగా నున్న రోగులకే వాడుదురు.

ఈ గుర్తు కూడ బ్రహ్మవాక్కు కాదు. తీవ్రమైన విషాదరోగమున్నవారికి, నిద్ర చెడినవారికి, గుఱక పెట్టుచు నడుమనడుమ ఊపిరి ఆగువారికి, పురుషరసమగు టెస్టోస్టిరాన్ తగ్గినవారికి నిద్రలోని స్తంభనము తగ్గవచ్చును. అందుచేత మఱికొన్ని ప్రశ్నలు అడుగవలెను. లోపము హఠాత్తుగా వచ్చినదా, మెల్లమెల్లగా వచ్చినదా? పెండ్లినాటినుండియో, అప్పులవారు ఇంటికి వచ్చిన దినమునుండియో, కన్నతండ్రి పోయిన నెలనుండియో అని తేది చెప్పగలిగినచో మనస్సువైపు మొగ్గు. "ఎప్పటినుండి యని చెప్పలేను, రెండేండ్లుగా క్రమముగా తగ్గుచున్నది" అన్నచో దేహమువైపు మొగ్గు. ఐనను శస్త్రచికిత్స పిదపను, కటిభాగపు ఎముక విఱిగిన పిదపను, క్రొత్తమందు మొదలిడిన పిదపను హఠాత్తుగా వచ్చినది దేహదోషమే కావచ్చును. ఒకచోట ఉండి ఒకచోట లేకుండుట, ఒకనాడు బాగుండి మఱునాడు లేకుండుట మనస్సు పని. మూసుకొనిపోయిన ధమనికి ఇష్టానిష్టములుండవు.

మేము చికిత్స చేసిన ఇరువురిని గూర్చి, ఊరు పేరు తెలియనీయక, చెప్పుదుము. మొదటివాడు 27 ఏండ్ల నూతనవరుడు. పెండ్లిపనులలో మూడు రాత్రులు నిద్ర లేదు. శోభనపు గది తలుపు ఆవల బంధువుల నవ్వులు వినబడుచుండెను. ఆ రాత్రి విఫలుడయ్యెను. తెల్లవారి మేనత్తల పరిహాసములు. మఱుసటి రాత్రి గదిలోనికి పోవునప్పుడు అతని మనస్సున భార్య లేదు, తన యంగమొక్కటే యున్నది. అది లేచునా లేదా యని కాపలా కాయుచుండెను. నాలుగు నెలలు ఇట్లే గడచెను. తెల్లవారుజామున స్తంభనము యథాప్రకారముగా నుండెను. రక్తపోటు, చక్కెర చూచుట తప్ప వేఱు పరీక్ష అవసరము లేకపోయెను. భార్యాభర్తల నిద్దఱిని కూర్చుండబెట్టి, మూడువారములవఱకు సంభోగప్రయత్నమే చేయరాదనియు, స్పర్శతో తృప్తిపడవలెననియు ఆజ్ఞాపించితిమి. మాస్టర్సు, జాన్సనులు ప్రచారమునకు తెచ్చిన పద్ధతి యిదియే. పరీక్ష లేదనగానే భయము తొలగినది. గడువు పూర్తిగాకమునుపే వారు ఆజ్ఞను ఉల్లంఘించిరి.

రెండవవాడు 52 ఏండ్ల వర్తకుడు. వ్యాపారపు చింతచేత ఇట్లున్నదని తానే నిర్ణయించుకొనెను. అతని భార్య, పరస్త్రీ యెవతెయో కలదని నిర్ణయించుకొనెను. దాదాపు రెండేండ్లుగా క్రమముగా తగ్గి, నిద్రలోని స్తంభనము కూడ పోయినది, అరికాళ్లు మండుచుండెను, దినమునకు ఒక పెట్టె సిగరెట్లు కాల్చుచుండెను. ప్రకటన చూచి తెప్పించిన చూర్ణమును 14 నెలలు తినెను. ఆ 14 నెలలలో ఒక్కనాడైనను ఎవరును అతని రక్తమున చక్కెర చూడలేదు. చూడగా మధుమేహము బాగుగా ముదిరియుండెను. మెట్లెక్కునప్పుడు రొమ్ము పట్టినట్లగునని అడుగగా చెప్పెను, అడుగకున్న చెప్పియుండడు. హృద్రోగ వైద్యుని యొద్దకు పంపితిమి. గుండెకు పోవు ధమనులలో ఒకటి చాలవఱకు మూసికొనియుండెను. దానికి స్టెంటు వేసి రక్షించిరి.

సభవారు ముఖ్యముగా గమనింపవలసిన దిచ్చటనే యున్నది. అంగమునకు రక్తము తెచ్చు ధమని వెడల్పు 1 మొదలు 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తము తెచ్చు ధమని వెడల్పు 3 మొదలు 4 మిల్లీమీటర్లు. మధుమేహము, రక్తపోటు, పొగాకు, క్రొవ్వు దేహములోని నాళములన్నిటిని ఒక్కమాఱే చెఱచును. కాని సన్నని గొట్టమే ముందుగా పూడుట సహజము. 2003 లో ఇటలీదేశపు వైద్యులు గుండెనొప్పితో వచ్చి ధమనీరోగము తేలిన పురుషులను విచారించి, స్తంభనలోపము కూడ కలవారిలో అనేకులకు ఆ లోపము గుండెనొప్పికంటె సగటున మూడేండ్లకు పైగా ముందే కనబడినదని ప్రకటించిరి. మూడేండ్లు! చుట్ట, సిగరెట్టు మానుటకును, చక్కెర అదుపునకు తెచ్చుకొనుటకును, వైద్యుని చూచుటకును చాలినంత కాలము. ఆ కాలమును మనవారు గోడప్రకటనల చూర్ణములకు సమర్పించుచున్నారు. మనదేశమున మధుమేహము కలవారు 10 కోట్లకు పైబడి యున్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023 లో తెలిపినది. మధుమేహము నాళములను, నాడులను రెండింటిని చెఱచును గనుక ఈ లోపమునకు దేహకారణములలో అది అగ్రగణ్యము.

మందులును కారణము కావచ్చును. రక్తపోటునకు వాడు కొన్ని మందులు, మనోవ్యాధులకు వాడు కొన్ని మందులు స్తంభనమును తగ్గించును. ఈ మాట వినగానే ఇంటికి పోయి రక్తపోటు మాత్రలు పాఱవేయువారుందురని మా భయము. అట్లు చేసినచో పక్షవాతము రావచ్చును. వైద్యునితో చెప్పిన ఆయన మందు మార్చగలడు. మద్యము కోరికను రేపి శక్తిని హరించును. ఇది మన పల్లెలలో అందఱును ఎఱిగినదే. థైరాయిడు దోషము, మూత్రపిండవ్యాధి, వెన్నుపాము గాయము మున్నగునవి కూడ కలవు. వాని విచారణ వైద్యునికి విడిచెదము.

యువకుల మనస్సును చెఱచు భయములలో మనదేశపుదే యొకటి కలదు. శుక్రము నష్టమైన ప్రాణశక్తి పోవుననియు, బాల్యపు అలవాటువలన అంగము చెడిపోయినదనియు తలంచి కృశించువారు అనేకులు. దీనికి 1960 లో ఆచార్య ఎన్. ఎన్. విగ్ గారు ధాతురోగలక్షణమని అర్థము వచ్చు పేరు పెట్టిరి. స్వప్నస్ఖలనమువలనను, హస్తప్రయోగమువలనను అంగము చెడదు. చెడినదను నమ్మకమే చెఱచును. విజయవాడకు చెందిన డాక్టరు సమరముగారు స్వాతి వారపత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు వ్రాయుచు ఈ భయమును తొలగించుటకు పాటుపడిరి. ఆ పుటలను దాచుకొని చదివినవారు ఈ సభలోనే కొందఱుందురు. ఈ భయమే పెట్టుబడిగా లాడ్జీలలో మకాము పెట్టి మందులమ్మువారిని గూర్చి చెప్పనక్కఱలేదు. పురుషత్వమును పెంచెదమని ప్రకటించుట 1954 నాటి చట్టముచేత నిషిద్ధము. ఐనను గోడలు అట్లే యున్నవి. వనమూలికలని అమ్ము చూర్ణములలో సిల్డెనాఫిల్ రహస్యముగా కలుపబడియుండుట అనేకదేశముల పరీక్షలలో బయటపడినది. గుండెనొప్పికి నాలుక క్రింద పెట్టుకొను నైట్రేటు మాత్రలు వాడువాడు అట్టి చూర్ణము తిన్నచో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చును.

దేహమా మనస్సా యని రెండు పెట్టెలు చేసి రోగిని ఒకదానిలో వేయుదమనుట మా యుద్దేశము కాదు. మేము చెప్పిన వర్తకునికి రోగము దేహమున మొదలైనది. ఏడాది తిరుగునప్పటికి ఓటమి భయము కూడ దానిపై చేరినది. నలుబదేండ్లు దాటినవారిలో రెండును కలిసియుండుటయే సాధారణము. మఱియొక సంగతి: "మాత్ర వేసికొనగా పనిచేసినది, కావున నాది దేహరోగమే" యను తర్కము చెల్లదు. దోషము మనస్సునందున్న వానికి కూడ ఆ మాత్ర చాలమాఱులు పనిచేయును. అట్లే మాత్రతో పని జరుగుచున్నది గదా యని చక్కెర చూపించుకొనకుండుట, ఇంటిలో పొగ వచ్చుచుండగా కిటికీ తెఱచి నిద్రపోవుటవంటిది.

కులపెద్దలకు ఒక మాట. దంపతుల తగవు మీ యెదుటికి వచ్చినప్పుడు "మగతనము" గల్గినవాడా కాడా యని తీర్పు చెప్పవలదు. 1955 నాటి హిందూవివాహచట్టము 12 వ సెక్షను ప్రకారము, ఈ లోపముచేత దాంపత్యము నెఱవేఱని వివాహమును న్యాయస్థానము రద్దు చేయవచ్చును. అసమర్థత దేహమునదైనను మనస్సునదైనను కావచ్చునని సుప్రీముకోర్టు 1969 లోనే చెప్పినది. ప్రభుత్వవైద్యులిచ్చు పత్రములో సాధారణముగా "ఇతడు అసమర్థుడని చెప్పుటకు ఆధారము కానరాదు" అని మాత్రముండును, సమర్థుడని ఉండదు. ఆ పత్రమును సభలో ఝళిపించి కోడలిని అబద్ధమాడినదనుట అన్యాయము. ఒక స్త్రీయొద్ద మాత్రమే కలుగు లోపమును ఏ యంత్రమును పట్టుకొనజాలదు. తీర్పునకు ముందు దంపతుల నిద్దఱిని వైద్యునియొద్దకు పంపుడు. వీనిలో కుదురునవియే అధికము.

రేపటి ఉచిత వైద్యశిబిరమున రక్తపోటు, చక్కెర, బరువు వ్రాయుటకు ముద్రించిన చీటీలను మేము చూచితిమి. 40 ఏండ్లు దాటిన పురుషుల చీటీపై మఱియొక పంక్తి చేర్పవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాము: "తెల్లవారుజామున స్తంభనము పూర్వమువలెనే యున్నదా? ఉన్నది, తగ్గినది, లేదు." పేరు వ్రాయనక్కఱలేదు, సంఖ్య చాలును. "తగ్గినది", "లేదు" అని గీత గీసినవారిని తెరచాటున చూచుటకు ఒక గదిని, సాయంకాలము 4 గంటలనుండి 6 గంటలవఱకు, కేటాయింపవలెను. ఆ గదిలో మేమే కూర్చుందుము. భార్యలు వెంట రాదలచినచో వారికిని కుర్చీలు వేయింపుడు.